దాటేసిన మాటలు

ప్రతి సోమవారం గువ్వ బడిసంచిలోంచి ఒక కాగితం బయటికొచ్చేది. దాని మీద రెండు గళ్ళు. ఒకదాంట్లో 'ఈ వారం తరగతిలో', రెండోదాంట్లో 'ఇంట్లో సాధన'. రెండో తరగతి పిల్లలకి ఏమంత చదువు ఉంటుందిలే అనుకునేవాళ్ళు ఆ కాగితం ఒకసారి చూడాలి. పదుల కట్ట విప్పి తీసివేతలు చెయ్యడం, గడియారంలో పెద్ద ముల్లుని ఐదేసి నిమిషాల చొప్పున చదవడం, పెన్సిలు ఎంత పొడుగో స్కేలుతో కొలవడం, ఒత్తులున్న మాటలు, చుక్క ఎక్కడ పెట్టాలి, ప్రశ్నకి గుర్తు ఎక్కడ పెట్టాలి. వారం వారం అవి మారేవి. 'ఇంట్లో సాధన' గడిలో మొదటి వరుస మాత్రం ఎప్పుడూ మారేది కాదు: రోజూ పావుగంట పైకి చదివించండి. విని, సంతకం చెయ్యండి.

గువ్వ వాళ్ళ నాన్న సంతకం చేసేవాడు. ఆ విషయంలో అతనికి వంక పెట్టడానికి లేదు. ఒక్కరోజు ఎగ్గొట్టింది లేదు, ఒకేసారి వారానికి సరిపడా గీకి పడేసిందీ లేదు.

అతని పని ఆసుపత్రి లాండ్రీలో. ఆసుపత్రిలో ఎన్ని మంచాలున్నాయో అన్ని దుప్పట్లు రోజూ కిందికి దిగుతాయి, ఉతుకుడు మిషన్లలో పడతాయి, తడితడిగా తోపుడుబండ్లలో అతని దగ్గరికి వస్తాయి. గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఇస్త్రీ రోలరు. ఇటు ఇద్దరు దుప్పటి మూలలు పట్టి, దులిపి, రోలరుకి అందించాలి. అటు ఇద్దరు దాన్ని అందుకుని మడత పెట్టాలి. అతనిది అందించే వైపు. చెయ్యి జానెడు ముందుకి పోతే కాలుతుంది. వెనక్కి ఉంటే దుప్పటి ముడతపడి లోపలికి పోయి, మిషను ఆగి, సూపర్‌వైజరు అద్దాల గదిలోంచి లేచి నిలబడతాడు. తెల్లారి ఐదింటికి ఎక్కితే మూడింటికి దిగడం. దిగేసరికి చేతులు భుజాల దగ్గర ఎవరో ఊడదీసి మళ్ళీ తగిలించినట్టు ఉండేవి.

భార్యది ఇంకో వేళ. వృద్ధుల ఆశ్రమంలో ఆయా. సాయంత్రం నాలుగున్నరకి ఎక్కి, అర్ధరాత్రి దాటాక దిగేది. పిల్లని బడి నుంచి తీసుకొచ్చి వీధి మొగలో బస్టాపులో నిలబడేది. అతను దిగిన బస్సే ఆమె ఎక్కేది. కాపురం మాటలన్నీ ఆ బస్సు ఆగినంతసేపట్లో అయిపోవాలి.

"కూర మూత పెట్టి ఉంచా. దానికి లెక్కలున్నాయి."

"ఊఁ. మోకాలెలా ఉంది?"

"ఉంది."

తలుపు మూసుకునేది. బస్సు కదిలేది. ఏడు రోజుల్లో ఆరు రోజులు ఇదే. గురువారం ఒక్కటే ఆమెకి సెలవు.

ఇంటికొచ్చి, స్నానం చేసి, పిల్లకి ఇంత పెట్టి, తనూ ఇంత తిని, గోడకి ఆనుకుని కూర్చునేవాడు. గువ్వ పుస్తకం తెచ్చుకుని పక్కన చేరేది. "చదవనా నాన్నా?" "చదువమ్మా." మొదటి వాక్యం వినేవాడు. రెండో వాక్యం సగం వినేవాడు. మూడోది ఏమిటో అతనికి తెలియదు. "అయిపోయింది నాన్నా, సంతకం" అని మోకాలి మీద తడితే ఉలిక్కిపడి, "భలే చదివావు తల్లీ" అని గీకేవాడు.

అలా బడి తెరిచిన దగ్గర్నుంచి నాలుగు నెలలు గడిచాయి.

ఐదో నెలలో కాగితంతో పాటు ఒక చీటీ వచ్చింది. టీచరు చేతిరాత. 'చదివింపు పుస్తకంలో సంతకం చేస్తున్నవారు ఒకసారి వచ్చి కలవగలరు.' భార్య బస్సెక్కుతూ చీటీ అతని చేతిలో పెట్టి, "నిన్నే రమ్మంది. ఏం తప్పు జరిగిందో ఏమో" అంది. ఆ 'తప్పు' పిల్లదో తనదో అతనికి అర్థం కాలేదు.

ఆ శుక్రవారం సూపర్‌వైజర్ని బతిమాలి గంట ముందు దిగాడు. చొక్కా వీపున ఇంకా తడిగానే ఉంది. తరగతి గది తలుపు దగ్గర ఆగితే, టీచరు లేచి వచ్చి, ముందు వరుసలో ఒక చిన్న కుర్చీ చూపించింది. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి ఆవిడ. కళ్ళ కింద నల్లగా సంచులు, వేళ్ళకి సుద్దపొడి, బల్ల మీద మోచెయ్యెత్తు నోటు పుస్తకాలు. నలభైమంది పిల్లలు బోర్డు మీద తీసివేతలు దించుకుంటున్నారు. ఒకడు అప్పటికే పెన్సిలు పోగొట్టుకున్నాడు. ఇంకోడు అది నేను తియ్యలేదని ఎవరూ అడక్కముందే చెబుతున్నాడు.

"ఇంట్లో రోజూ చదివిస్తున్నారా అండీ?" అంది టీచరు గొంతు తగ్గించి.

"రోజూ అండీ. సంతకం కూడా చేస్తున్నాను."

"చూశాను. ఒకసారి మీ ముందు చదివిస్తాను. మీరు పుస్తకంలో చూస్తూ ఉండండి."

గువ్వ వచ్చి నిలబడింది. నాన్న బడికి వచ్చాడని ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. పుస్తకం తెరిచి అందుకుంది. ఏం వేగం! ఎక్కడా తడబాటు లేదు, గుక్క తిప్పుకోవడం లేదు, వాక్యం చివర గొంతు దించడం కూడా వచ్చు. అతనికి ఛాతీ ఒక అంగుళం పెరిగింది. ఇందుకా నన్ను పిలిచింది, మెచ్చుకోడానికేమో, అనుకున్నాడు. అప్పుడు టీచరు తన పుస్తకం అతని ముందుకి జరిపి, వేలుతో వరుస చూపించింది.

పుస్తకంలో ఇలా ఉంది: 'సముద్రం ఒడ్డున ఒక ముసలి పడవవాడు ఉండేవాడు. రాత్రి ఆకాశంలో నక్షత్రాలు మెరిసేవి. వాటిని చూసి దారి తెలుసుకునేవాడు. ఒకరోజు మబ్బు పట్టింది. నక్షత్రాలు కనబడలేదు. అయినా పడవవాడు ధైర్యం విడవలేదు.'

గువ్వ ఇలా చదివింది: "ఒడ్డున ఒక ముసలి పడవవాడు ఉండేవాడు. ఆకాశంలో మెరిసేవి. వాటిని చూసి దారి తెలుసుకునేవాడు. ఒకరోజు మబ్బు పట్టింది. కనబడలేదు. అయినా పడవవాడు విడవలేదు."

"ఆకాశంలో ఏవి మెరిసేవి?" అని అడిగింది టీచరు.

గువ్వ ఆలోచించింది. "ఏవో మెరిసేవి టీచర్."

"పడవవాడు ఏం విడవలేదు?"

"పడవ."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. అతను నవ్వలేకపోయాడు.

"జంట అక్షరాల ఒత్తు వస్తుందండీ దీనికి. అక్క, అమ్మ, మబ్బు, అవన్నీ వస్తాయి. వేరే అక్షరం కిందికి వచ్చి కూర్చుంటే, ఆ మాటని దాటేస్తుంది. తడుముకుంటే పరవాలేదు, అందరూ తడుముకుంటారు. ఇది తడుముకోదు. అసలు ఆ మాట అక్కడ లేనట్టే పోతుంది. నేనూ ఆలస్యంగా పట్టుకున్నాను. మీతో అబద్ధం దేనికి, నలభైమంది. గబగబా చదివే పిల్లని ఆపి వినే తీరిక నాకెక్కడిది?" టీచరు గువ్వ వైపు తిరిగింది. "ఎందుకమ్మా వదిలేస్తావు?"

"ఇంట్లో అలాగే చదువుతాను టీచర్. నాన్న ఏమీ అనడు."

చిన్న కుర్చీలో అతను ఇంకా చిన్నగా అయిపోయాడు. అలసిపోతానండీ అని చెప్పాలనుకున్నాడు. బల్ల మీద నోటు పుస్తకాల దొంతర చూసి ఆ మాట మింగేశాడు. ఆవిడకి మాత్రం అలసట తెలియదా?

"సంతకం నాకెందుకండీ," అంది టీచరు, కోపంగా కాదు. "మీరు వినండి చాలు. పావుగంట కాకపోతే పది నిమిషాలు."

బడి వదిలాక ఇద్దరూ నడుచుకుంటూ వస్తున్నారు. ఆ పూట భార్యని బడికి రావద్దన్నాడు. నేరుగా బస్టాపుకే వస్తుంది. గువ్వ నాలుగు అడుగులకోసారి తలెత్తి అతని మొహం చూస్తోంది.

"కోపమా నాన్నా?"

"నీ మీద ఎందుకే?"

"మరి ఎవరి మీద?"

"ఆ మాటలు రాకపోతే నన్ను అడగొచ్చుగా" అన్నాడు.

"ముందు అడిగేదాన్ని. ఒత్తు వస్తే ఆగేదాన్ని. నేను ఆగితే నువ్వు లేచిపోతావు."

"అంటే?"

"చదువుతున్నంతసేపూ నిద్రపోతావు నాన్నా. ఆగానంటే చాలు, ఆఁ ఆఁ అని లేచి కూర్చుంటావు, కళ్ళు ఎర్రగా ఉంటాయి. నాన్న నిద్రపోతే లేపకు అని అమ్మ చెప్పింది. అందుకని ఆగను. కష్టమైనవి వదిలేస్తే ఆగక్కర్లేదు." అది చెప్పి, తన తెలివికి తనే కాస్త మురిసిపోతున్నట్టు చూసింది.

అతను నడక ఆపేశాడు. పక్కనే సైకిళ్ళ రిపేరు కొట్టు. ట్యూబు నీళ్ళలో ముంచి గాలి ఎక్కడ పోతోందా అని చూస్తున్నాడు కొట్టువాడు. అతను ఆ నీళ్ళ తొట్టి వైపే చూస్తూ కొంతసేపు నిలబడ్డాడు. ఏడేళ్ళ పిల్ల. నాలుగు నెలలుగా తన నిద్రకి కాపలా కాస్తోంది.

"పద" అన్నాడు చివరికి.

బస్టాపులో భార్య "ఏమందట?" అంది. బస్సు అప్పటికే వచ్చి ఆగింది. "గురువారం చెప్తాలే" అన్నాడు. ఆమె మెట్టెక్కి వెనక్కి తిరిగి చూసేలోపు తలుపు పడిపోయింది.

ఆ సాయంత్రం అతను కూర్చోలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడి విన్నాడు. నిలబడి నిద్రపోవచ్చని ఆ రోజే తెలిసింది. తల ద్వారబంధానికి కొట్టుకుంది. మర్నాడు గిన్నెలు కడుగుతూ విన్నాడు. చేతిలో గ్లాసు జారి నేల మీద పడి దొర్లింది, గువ్వ అక్కడ ఆగకుండా చదువుకుంటూ పోయింది. మూడో రోజు చన్నీళ్ళు మొహాన కొట్టుకుని కూర్చున్నాడు. నీళ్ళు ఆరేదాకా మెలకువగా ఉన్నాడు.

షిఫ్టు మార్చమని సూపర్‌వైజర్ని అడిగాడు. "ఎనిమిదింటికి ఎక్కే షిఫ్టు అందరికీ కావాలయ్యా. పిల్లలు నీకొక్కడికే ఉన్నారా?" అన్నాడాయన. తప్పు మాటేం కాదు. అక్కడ అందరికీ పిల్లలున్నారు.

రోలరు దగ్గర దుప్పటి రెండో మూల పట్టుకునేవాణ్ణి అందరూ బట్టతలాయన అంటారు. ఇరవై రెండేళ్ళుగా అదే మూల. మిషను చప్పుడులో గొంతు చించుకుని అరిచాడు: "ఇంటికెళ్ళి కూర్చుంటే అయిపోయావయ్యా! ఒంటికి ఇల్లు చూపించకు. బయటే కానిచ్చెయ్!"

"బయటెక్కడన్నా?"

"ఎక్కడో అక్కడ! చెట్టు కిందో, పుట్ట పక్కనో!" దుప్పటి లోపలికి పోయింది. తరవాతి దుప్పటి అందుకునేటప్పుడు ఆయన అరవలేదు. మామూలుగా అన్నాడు, అయినా వినబడింది. "మా వాడు రెండో తరగతిలో ఏం చదివాడో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. ఇప్పుడు మీసాలొచ్చాయి. అడిగితే తలుపేసుకుంటాడు."

బస్టాపులో ఇనప బెంచీ ఒకటి ఉంది. సన్నగా, ముందుకి వాలి ఉంటుంది. కాళ్ళు నేలకి తన్నిపెట్టుకుని కూర్చోకపోతే జారిపోతారు. ఎవరూ అక్కడ పడుకోకూడదని అలా చేశారట. చేసినవాడికి అతను మనసులో దణ్ణం పెట్టుకున్నాడు.

భార్య ఎక్కిన బస్సు వెళ్ళిపోగానే, "ఇక్కడే చదువుదాం" అన్నాడు.

గువ్వ అటూ ఇటూ చూసింది. కూరగాయల సంచులతో ఒకావిడ, ఫోనులో మాట్లాడే ఇద్దరు, పొగ. "అందరూ చూస్తారు."

"చూడనీ."

పుస్తకం తెరిచింది. రెండు వరుసలు బాగానే పోయాయి. మూడో వరుసలో దాటెయ్యబోతే అతను వేలు అడ్డం పెట్టాడు. గువ్వ చటుక్కున అతని మొహంలోకి చూసింది. "లేచే ఉన్నావా?"

"ఉన్నా. చదువు."

"స... తం..."

"కింద ఏముంది?"

"త ఒత్తు. స్తం. స్తం... భం. స్తంభం." ఆ ఒక్క మాటకే చెమట పట్టినట్టయింది పిల్లకి. తరవాతి వరుసలో ఇంకోటి. దాని తరవాత ఒకే మాటలో రెండు. పేజీ సగంలో పుస్తకం మూసేసింది. "ముందు బాగా చదివేదాన్ని. నువ్వు లేచుంటే రావట్లేదు!" అని ఏడుపు మొదలెట్టింది.

అతనికీ ఏడవాలనే ఉంది. కళ్ళలో ఇసక పోసినట్టుంది, నడుం విరిగిపోతోంది, ఇల్లు వంద అడుగుల్లో ఉంది. కూరగాయల సంచులావిడ మాత్రం తాపీగా, "మా మనవరాలు కూడా ఇంతేనయ్యా, ఒత్తుల దగ్గర ఒకటే రాగం. ఏడిస్తే ఏడవనీ, పోయేదేముంది" అని తన బస్సెక్కి వెళ్ళిపోయింది. ఏడుపు తనంతట తనే తగ్గేదాకా ఇద్దరూ అలా కూర్చున్నారు. మిగతా సగం చదవలేదు. పుస్తకంలో సంతకం చేసేచోట 'సగం' అని రాసి సంతకం పెట్టాడు.

గురువారం భార్యతో చెప్పాడు. పిల్ల వీధిలో తాడు ఆట ఆడుతోంది. ఆమె బట్టలు మడత పెడుతూ వింది. మడత పెట్టినవాటినే విప్పి మళ్ళీ మడత పెట్టింది.

"లేపకు అన్నది నేనే," అంది.

"నువ్వేం చేస్తావ్."

"పిల్లకి నేర్పాల్సినవి ఎన్ని లేవు. అదొక్కటే నేర్పాను." మడతలు పక్కకి జరిపి, "ఈ పూట నేనూ వస్తా" అంది.

సెలవు రోజున ఎక్కాల్సిన బస్సు లేకుండా, ముగ్గురూ వెళ్ళి బస్టాపులో కూర్చున్నారు. మధ్యలో అతను, ఒక పక్క గువ్వ. ఇద్దరు వినేవాళ్ళు దొరికేసరికి ఆ పిల్లకి గొంతు లేచింది. పేజీ తిప్పేలోపు తల్లి తల అతని భుజం మీదికి వాలిపోయింది. ఆశ్రమంలో ముసలాళ్ళని ఎత్తి, దింపి, పక్కకి తిప్పే చేతులు ఒళ్ళో తెరుచుకుని పడున్నాయి. సరిగ్గా అప్పుడే ఒక ఒత్తు అడ్డొచ్చింది. గువ్వ తల్లిని చూసింది, అతన్ని చూసింది. పెదాలు తరవాతి మాట మీదికి వెళ్ళిపోతున్నాయి.

"ఆగు," అన్నాడు మెల్లగా. "అమ్మ లేస్తే లేవనీ. లేచినా మళ్ళీ పడుకోడం అమ్మకి వచ్చు. ఆ మాట చదివి కదులు."

గువ్వ ఆగింది. తల్లి కళ్ళు తెరిచి, "ఆఁ, ఏమైంది?" అంది.

"దిక్... దిక్సూ... దిక్సూచి. దిక్సూచి అంటే ఏంటమ్మా?"

తల్లి తండ్రి వైపు చూసింది. తండ్రి తల్లి వైపు చూశాడు. అతను బడి మానేసింది ఏడో తరగతిలో. దుప్పట్ల మీద కుట్టిన వార్డు నంబర్లు తప్ప ఇన్నేళ్ళలో ఏం చదివాడు గనక.

"టీచర్ని అడుగు," అన్నాడు.

"మీకిద్దరికీ రాదా?" అంది గువ్వ. ఆ పిల్ల మొహంలో అంత సంతోషం బడి మొదలైన దగ్గర్నుంచి చూడలేదు వాళ్ళు.

తరవాత అన్నీ చక్కబడిపోయాయని చెప్తే అబద్ధం అవుతుంది. వాన పడిన రోజులు బస్టాపు కిక్కిరిసిపోయేది, చదువు లేదు. ఆసుపత్రిలో జ్వరాలెక్కువై దుప్పట్లు రెట్టింపయిన వారం అతను చివరి బస్సుకి కానీ దిగలేదు. ఆ వారమంతా పిల్లని పక్కింటావిడ దగ్గర వదిలి తల్లి పనికి పోయింది. సంతకాల గళ్ళు ఐదు ఖాళీగా ఉండిపోయాయి. వాటిలో వెనక్కి వెళ్ళి సంతకం పెట్టబోయి, మానేశాడు. ఒకరోజు దుప్పటి మూల వదిలి చూపుడు వేలు కాల్చుకున్నాడు. కట్టు కట్టుకున్న వేలుతోనే వరుసలు చూపించాడు. వారానికి మూడు రోజులు చదివితే గొప్ప. నాలుగు రోజులైతే పండగ.

పరీక్షల ముందు బడిలో మళ్ళీ చదువు పరీక్ష పెట్టారు. ఒక్కొక్కళ్ళని పిలిచి, గడియారం చూస్తూ ఒక నిమిషం చదివించి, ఎన్ని మాటలు చదివారో రాసుకున్నారు. ఆ కాగితం సోమవారం కాగితంతో కలిసి వచ్చింది. బస్టాపులో భార్య అది అతనికిచ్చి బస్సెక్కింది. ఈసారి కిటికీ పక్కన సీటు దొరికింది, అద్దం మీద వేళ్ళు ఆనించి చూసింది.

అతను బెంచీ మీద కూర్చుని అక్షరం అక్షరం చదివాడు. మొదటి పరీక్షలో నిమిషానికి అరవై రెండు మాటలు. ఇప్పుడు ముప్ఫై ఏడు. 'వేగం' అన్నచోట 'తగ్గింది' అని ఉంది. దాని కింద టీచరు సుద్దవేళ్ళ మరకతో ఒక వాక్యం: 'ఒక్క మాట వదల్లేదు. ఐదు తప్పులు చదివి, మూడు తనే దిద్దుకుంది.'

"తగ్గింది అంటే ఫెయిలా నాన్నా?" అంది గువ్వ, కాగితంలోకి తొంగి చూస్తూ.

"కాదు."

"మరి?"

"మెల్లగా చదివావని."

"మెల్లగా అంటే మంచిదా?"

మంచిదే అనడానికి నోరు తెరిచి, ఆగాడు. ముప్ఫై ఏడు ఎక్కడ, అరవై రెండు ఎక్కడ? పక్కింటి పిల్ల డెబ్భై చదివిందని సాయంత్రానికల్లా తెలుస్తుంది. గువ్వ ఏడుస్తుంది. రేపు పొద్దున్నే ఐదింటికి మళ్ళీ రోలరు.

"ఇంకా చాలా చదవాలి," అన్నాడు. "రోజూ."

"రోజూనా!" అని నీరుగారిపోయింది ఆ పిల్ల.

"నాకూ అలాగే ఉంది" అని, కొత్త కాగితం మడత విప్పాడు. 'ఈ వారం తరగతిలో: మూడంకెల కూడికలు. ఉత్తరం రాయడం.' గువ్వ సంచిని తన భుజానికి తగిలించుకుని, కాళ్ళు కూడదీసుకుని లేచి, పిల్ల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటాడు.